జమ్మలమడుగు స్పీడు

ముందు ఇసుక చప్పుడు.

ముల్లు రికార్డు మీద దిగగానే వచ్చేది అదే. గరగర... గరగర... ఎండాకాలం పెన్నలో గాలి లేస్తే ఇసుక కదులుతుందే, ఆ చప్పుడు.

తొమ్మిది సెకన్లు ఉంటుందేమో. మైమూన్ ఎప్పుడూ లెక్కపెట్టలేదు. కానీ ఆ లోపల కొంగుతో చేతులు తుడుచుకుని, పీట లాక్కుని, గోడకు వీపు ఆనించి కూర్చోగలదు. అంతసేపు.

తర్వాత గిటారు.

కరెంటు గిటారు. తీగ మీటితే ఆ శబ్దం ఒకచోట నిలవదు. సాగుతుంది, వంకర పోతుంది, పోయిందనుకుంటే వెనక నుంచి మళ్లీ వస్తుంది. దాని కింద డ్రమ్ములు. డ్రమ్ముల కింద ఆర్గాన్. ఆ ఆర్గాన్ లోపల ఎక్కడో సితార్ ముక్కలు. పొడుగు జుట్టు కుర్రాళ్లు, బెల్‌బాటం ప్యాంట్లు, గిర్రున తిరిగే రంగు లైట్లు — అలాంటి క్లబ్బు సీన్ల కోసం చేసిన సంగీతం. సైకడెలిక్ రాక్ అంటారట. జమ్మలమడుగులో ఆ మాట ఎవరికీ తెలియదు. ఇక్కడ దాన్ని మత్తు పాట అన్నారు, సరిపోయింది.

తర్వాత గొంతు.

మాటలు లేని గొంతు. ఆ... ఆ... అంటూ ఒక మగ గొంతు. బరువుగా, నిదానంగా, ఎవరినీ పిలవకుండా, ఎవరి కోసమూ ఆగకుండా.

కమాల్ బాషా గొంతు.

మైమూన్ మొగుడు. చనిపోయి ఇరవై మూడేళ్లు.

*

ఆ పాట ఉన్న సినిమా గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. మద్రాసులో తీశారు. మూడు రోజులు ఆడింది. నాలుగో రోజు పోస్టరు మీద ఇంకో పోస్టరు పడింది.

పాటల రికార్డు మిగిలింది. చిన్న పళ్లెమంత రికార్డు, మధ్యలో నీలం కాగితం. అట్టను చెదలు తిన్నాయి. నీలం కాగితం మీది అక్షరాలు చేతులు తగిలి తగిలి అరిగిపోయాయి. అందుకే ఇంట్లో అది నీలం రికార్డు. వేరే పేరు లేదు.

పెళ్లికి ముందు కమాల్ బాషా మద్రాసులో ఎనిమిది నెలలు ఉన్నాడు. పాటలు రికార్డు చేసే స్టూడియోలో పని. ఏం పని అని అడిగితే, వైర్లు అనేవాడు. మైకులకు వైర్లు కట్టాలి, విప్పాలి, చుట్ట చుట్టి మూలన పెట్టాలి. పాడేవాళ్లు పాడతారు, వాయించేవాళ్లు వాయిస్తారు, ఆయన వైరు చుడతాడు.

తిరిగొచ్చేటప్పుడు మూడు తెచ్చుకున్నాడు. పాత రికార్డు ప్లేయరు. నీలం రికార్డు. ఒక ముడి.

ముడి అంటే ముడే. వైరును రెండు చుట్లు తిప్పి, కొసను వెనక్కి మడిచి, కింద నుంచి దూర్చి బిగించేది. ఎంత బరువు పడితే అంత బిగుస్తుంది. కొస పట్టుకుని ఒక్క గుంజు గుంజితే మొత్తం ఊడి చేతికి వస్తుంది. వేపచెట్టుకు మైకు హారన్లు కట్టినా అదే ముడి. గుంజకు గొర్రెను కట్టినా అదే ముడి. పెళ్లయిన పద్దెనిమిదేళ్లకు పుట్టిన బిడ్డకు ఉయ్యాల కట్టినా అదే. ఆ ముడి చూసి ఇది కమాల్ కట్టినదని ఎవరైనా చెప్పేవారు.

పెళ్లయిన అయిదో రోజు నీలం రికార్డు పెట్టాడు. కొత్త పెళ్లికూతురు, పద్దెనిమిదేళ్లది, గుమ్మం దగ్గర నిలబడి వింది. ఇసుక. గిటారు. గొంతు.

ఆమె ఆయన వైపు చూసింది.

"నీదేనా?" అంది.

ఆయన ఏమన్నాడని తర్వాత ఎవరడిగినా మైమూన్ ఒకటే చెప్పేది. అవునన్నాడు. నలభై నాలుగేళ్లుగా అదే చెబుతోంది.

*

ఆయన మైకు సెట్టు పెట్టాడు. నాలుగు హారన్లు, ఒక యాంప్లిఫయరు, ఆ ప్లేయరు.

ప్లేయరుకు ఒక జబ్బు ఉండేది. నిమిషానికి ఎన్ని చుట్లు తిరగాలో మార్చే స్పీడు మీట ముప్పైమూడు దగ్గర ఇరుక్కుపోయింది. నలభైఐదులో తిరగాల్సిన రికార్డు కూడా ముప్పైమూడులోనే తిరిగేది. సినిమా పాటలు చాలావరకు నలభైఐదువే. నీలం రికార్డూ అంతే. అన్నీ ఈడ్చుకుంటూ పాడేవి. ఆ పెట్టెలో పడితే ఎంత సన్నటి గొంతయినా లావయ్యేది.

జనం తిట్టారు.

పులివెందులలో ఒక పెద్ద రైతు కూతురి పెళ్లిలో, పందిట్లో అందరి ముందూ ఆ రైతు అడిగాడు.

"ఏందప్పా కమాలూ, పాటకు జొరమొచ్చిందా?"

"మీట ఇరుక్కున్యాదప్పా."

"బాగు చేయించుకోగూడదా?"

"చేపిస్తా, చేపిస్తా."

చేయించలేదు. పెండ్లిమర్రిలో తిట్టారు. చక్రాయపేటలో తిట్టారు. చిలమకూరులో ఒక పెళ్లికొడుకు పాట ఆపితే గానీ తాళి కట్టనని భీష్మించుకున్నాడు. ప్రొద్దుటూరులో అయితే అదొక మాటే అయిపోయింది. ఆలస్యంగా వచ్చిన బస్సును, నిదానంగా వడ్డించే మనిషిని, పిలిస్తే పలకని గుమాస్తాను చూసి "వస్తాండాడప్పా జమ్మలమడుగు స్పీడులో" అనేవారు. ఎవరి వల్ల ఆ మాట పుట్టిందో మర్చిపోయి కూడా అనేవారు.

కమాల్ బాషా నవ్వేవాడు. చేపిస్తా అనేవాడు.

క్యాసెట్లు వచ్చాక కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. పెళ్లంతా క్యాసెట్లే. ప్లేయరు ఒక్క పాటకే బయటికి వచ్చేది. అందరూ తిన్నాక, హారన్లు విప్పే ముందు, ఆఖరున మత్తు పాట. అది వినిపించిందంటే పెళ్లి అయిపోయినట్టే. ముసలివాళ్లు చెప్పులు వెతుక్కునేవారు. వంటవాళ్లు గుండిగలు బోర్లించేవారు. వరుస కలిసిన ఆడవాళ్లు ఇంకొకసారి కావలించుకునేవారు. ఆ గొంతు పందిరి మీదుగా పోయి, చేల మీదుగా పోయి, ఎక్కడో ఆగేది.

ఇంట్లో వైర్లు చుట్టుకుంటూ ఆయన అదే రాగం తీసేవాడు. అదే బరువుతో. అదే నిదానంతో. మైమూన్ వంటింట్లో పొయ్యి ముందు కూర్చుని వినేది. ఇంకా ఏం రుజువు కావాలి?

ఇంట్లో టేప్‌రికార్డరు ఉండేది. వంద క్యాసెట్లు ఉండేవి. ఎర్ర బటన్ నొక్కితే గొంతు పట్టేది. కూతురు ఇష్రత్ పుట్టాక ఒకరోజు మైమూన్ అడిగింది.

"ఒకపారి మాట్లాడు. పట్టి పెట్టుకుందాం."

"రికార్డులోనే ఉండా గదా. మళ్లా టేపెందుకు?"

పట్టలేదు.

ఇష్రత్‌కు మూడేళ్లప్పుడు, ఒక పెళ్లికి హారన్లు కట్టి వచ్చి, మధ్యాహ్నం అన్నం తిని నడుం వాల్చాడు. మళ్లీ లేవలేదు.

*

ఇష్రత్‌కు నాయన ముఖం ఫొటోలో తెలుసు. నాయన గొంతు నీలం రికార్డులో తెలుసు. ఇంకెక్కడా తెలియదు.

గురువారం మధ్యాహ్నం అన్నాలయ్యాక మైమూన్ రికార్డు పెట్టేది. చిన్నప్పుడు ఇష్రత్ ప్లేయరు ముందు కూర్చుని బడిలో జరిగినవన్నీ ఆ గొంతుకు చెప్పేది. ఎవరు కొట్టారో, ఎన్ని మార్కులొచ్చాయో. గొంతు ఆ... ఆ... అనేది. పిల్ల సరే అనుకునేది. ఇప్పుడు ఇరవై ఆరేళ్లు. ముందు గదిలో రెండు కుట్టు మిషన్లు పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. కుడుతూ అదే రాగం తీస్తుంది. తీస్తున్నానని తనకే తెలియదు.

పోయిన నెలలో ప్లేయరు ఆగిపోయింది. కరెంటు వస్తోంది, పళ్లెం తిరగడం లేదు.

అదే నెలలో రాజశేఖర్ వచ్చాడు. పులివెందుల కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, నలభై ఏళ్లవాడు, పాత రికార్డుల పిచ్చి. ముద్దనూరు మీదుగా మోటారుసైకిల్ మీద వచ్చి, ముఖాన దుమ్ము కడుక్కోకుండానే అడిగాడు. నీలం కాగితం ఉన్న రికార్డు మీ ఇంట్లో ఉందటగా, అని.

ఏదో దేశంలో ఒక కంపెనీ వాళ్లు ఇలాంటి సినిమాల రాక్ సంగీతాన్ని వెతికి మళ్లీ విడుదల చేస్తున్నారట. ఈ ఆల్బం కోసం ఏడేళ్లుగా చూస్తున్నారట. అసలు టేపు పాడైపోయింది. రికార్డు కూడా ఎక్కడా దొరకలేదు. రాజశేఖర్ కూడా పేరు వినడమే తప్ప పాట వినలేదు. నీలం రికార్డు చేతికిస్తే రెండు చేతులతో పట్టుకుని, కూర్చోవడం మర్చిపోయాడు.

"ఇందులో మాటల్లేకుండా ఒక గొంతు ఉందంటమ్మా. అది ఎవరిదో ఎవరికీ తెలీదు. ఆల్బంతో పాటు పుస్తకం వేస్తాండారు. పేరు దొరికితే అందులో వేస్తారు."

"మా ఆయనది" అంది మైమూన్.

రాజశేఖర్ నోటుపుస్తకం తీసి రాసుకున్నాడు. గొంతు — కమాల్ బాషా, జమ్మలమడుగు. ఇష్రత్ మిషన్ మీద నుంచి లేచి వచ్చి, ఆ పుస్తకం అడిగి తీసుకుని రెండుసార్లు చదివింది. పైకే చదివింది.

*

ప్రొద్దుటూరులో హుమాయున్ ఉన్నాడు. మైదుకూరు రోడ్డులో రేడియోలు, మిక్సీలు బాగుచేసే చిన్న కొట్టు. వయసులో ఉన్నప్పుడు కమాల్ బాషా వెంట తిరిగి పని నేర్చుకున్నవాడు. మైమూన్‌ను వదినా అంటాడు. ఇష్రత్‌కు పెళ్లిళ్ల జాకెట్ల పని తలమీదుంది, రాలేదు. మైమూన్, రాజశేఖర్ బస్సెక్కారు. ప్లేయరు ఆమె ఒళ్లో, రికార్డు ఆయన ఒళ్లో.

హుమాయున్ మరలు విప్పాడు. పై రేకు తీశాడు. లోపల రబ్బరు చక్రం అరిగిపోయింది, అంతే జబ్బు. డబ్బాలో వెతికి ఇంకోటి వేశాడు. పళ్లెం తిరిగింది.

తర్వాత ఆగి, తల వంచి లోపలికి చూశాడు. టార్చి వేసి చూశాడు.

"వదినా... ఈ మీట ఇరుక్కోలేదు."

"మరేంది?"

"కట్టేసినారు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని వంగింది. మీట కిందిభాగానికి రాగితీగ. రెండు చుట్లు తిప్పి ఉంది. కొస వెనక్కి మడిచి ఉంది. కింద నుంచి దూర్చి ఉంది.

అది ఎవరి ముడో హుమాయున్ చెప్పనక్కర్లేదు. రాజశేఖర్‌కు మాత్రం అర్థం కాలేదు, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు.

"విప్పేదా?"

"విప్పు."

ఒక్క గుంజు. నలభై ఏళ్లకు పైగా చీకట్లో పట్టుకుని ఉన్న తీగ, ఒక్క గుంజుకే ఊడి చేతికి వచ్చింది. ఆ ముడి గుణమే అంత.

మీట కదిలింది. హాయిగా, నిన్ననే నూనె వేసినట్టు, ముప్పైమూడు నుంచి నలభైఐదుకు జరిగింది. హుమాయున్ నీలం రికార్డు పెట్టి ముల్లు దించాడు.

ఇసుక తొందరగా అయిపోయింది. పీట లాక్కునేంత సేపు కూడా లేదు.

గిటారు దూకుతూ వచ్చింది. మత్తు లేదు, నిద్ర లేదు. డ్రమ్ములు తరుముతున్నాయి. ఇన్నేళ్లూ కాళ్లీడ్చిన పాట లేచి పరిగెత్తింది. రాజశేఖర్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు.

తర్వాత గొంతు.

ఆ... ఆ... అని ఒక ఆడగొంతు.

వయసులో ఉన్న ఆడమనిషి గొంతు. స్పష్టంగా, నిర్భయంగా, గిటారు కంటే పైకి పోతూ.

కొట్టు బయట ఆటోలు పోతున్నాయి. పాట అయిపోయింది. మైమూన్ తనే చెయ్యి చాపి మీటను ముప్పైమూడుకు జరిపి, ముల్లు మళ్లీ మొదట్లో పెట్టింది. కమాల్ బాషా పాడాడు. మళ్లీ నలభైఐదుకు జరిపింది. ఆమె ఎవరో పాడింది. మళ్లీ ముప్పైమూడు...

ఆ పెట్టెలో అందరి గొంతులూ లావవుతాయని ఊరంతటికీ తెలుసు. మైమూన్‌కూ తెలుసు. ఈ ఒక్క గొంతుకూ అదే జరిగి ఉంటుందని ఆమెకు ఏనాడూ తట్టలేదు. తెలిసినదాన్ని పక్కన పెట్టి నమ్మడం ఎంత సులువో ఇప్పుడు తెలిసింది, అది వేరే సంగతి.

ఆమెకు కోపం వచ్చింది. ఒక్క అబద్ధం కోసం మీట కట్టేశాడు. ఒక్క అబద్ధం కోసం మూడు తాలూకాల పెళ్లిళ్లను నిదానం చేశాడు. ఊరూరా తిట్లు తిని, నవ్వి, చేపిస్తా చేపిస్తా అన్నాడు. ఒక్క అబద్ధం కోసం టేపులో ఒక్క మాట కూడా పెట్టకుండా పోయాడు. తిట్టడానికి మనిషి లేడు.

"ఒక్క మాటన్నా పట్టనియ్యలేదు గదరా సామీ" అంది, ప్లేయరుతో.

రాజశేఖర్ నోటుపుస్తకం తెరిచి పెట్టుకుని ఉన్నాడు. కలం మూత తీయలేదు.

"అమ్మా... పేరు అట్లే ఉంచినా ఎవరికీ తెలీదు. ఆమె ఎవరో కనుక్కునేదానికి దారే లేదు."

మైమూన్ చాలాసేపు ఆ పేజీ చూసింది. కమాల్ బాషా, జమ్మలమడుగు. ఇష్రత్ పైకి చదివిన పేజీ.

"ఆ పాడినామె యాడుందో. బతికుందో లేదో. ఆమెకూ పిల్లోళ్లుంటారు గదా సార్... వాళ్లూ ఎదుకుతాంటారేమో. కొట్టెయ్యండి."

ఆయన కొట్టేశాడు. నెమ్మదిగా, ఒక్క గీత.

"మరి ఆయన పేరు?"

"ఆయన వైర్లు కట్టినాడు. రాస్తే అది రాయండి."

వేస్తారో లేదో తెలియదన్నాడు రాజశేఖర్. అడుగుతానన్నాడు. పాటను సరైన స్పీడులో తన లాప్‌టాప్‌లోకి ఎక్కించుకున్నాడు. మూడు నాలుగు నెలల్లో ఆల్బం వస్తుంది, ఫోన్లలోనే వినొచ్చు, ఎవరైనా వినొచ్చు అన్నాడు. మంచి మాట చెబుతున్నాననే అనుకుని చెప్పాడు.

హుమాయున్ రేకు బిగించబోతూ ఆగాడు. రాగితీగ ఇంకా ఆయన వేళ్ల మధ్య ఉంది.

"మళ్లా కట్టేదా వదినా? వదిలేసేదా?"

"ఇట్లియ్యి" అంది.

తీగను వక్కాకు సంచిలో వేసుకుంది. మీటను అలాగే వదిలేయమంది.

*

బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. రాజశేఖర్ ప్రొద్దుటూరులోనే ఆగిపోయాడు. ప్లేయరు ఒళ్లో, రికార్డు ప్లేయరు మీద. శనగ చేలు కోసేశారు. నల్లరేగడి మీద గాలి తప్ప ఏమీ లేదు.

అయిదో రోజు గుర్తొచ్చింది.

గుమ్మం. గొంతు. నీదేనా అని ఆమె అడగడం. అవునన్నాడు...

అనలేదు.

బస్సు కుదుపుకు రికార్డు జారబోతే పట్టుకుంది. పట్టుకుని, మళ్లీ మొదటి నుంచి గుర్తు చేసుకుంది. ఆయన అవునని అనలేదు. ఆమె వైపు చూసి, కాసేపు ఆగి, "నీకట్ల వినపడిందా?" అన్నాడు. అంతే అన్నాడు. తెలుస్తానే ఉండాది గదా అని ఆమే అంది. అని, సిగ్గుపడి లోపలికి పోయింది. ఆ రోజు ఆమె కళ్లకు మొగుడి కంటే ఎత్తయిన మనిషి లేడు. మరుసటి పొద్దున ఆయన స్క్రూడ్రైవరు పట్టుకుని ప్లేయరు ముందు కూర్చున్నాడు. దుమ్ము తుడుస్తున్నాడేమో అనుకుంది.

అయిదో రోజున మీట పొరపాటున ముప్పైమూడు మీద ఉండి ఉంటుంది; ఆమె విన్నదాన్ని ఆయన అలాగే ఉంచాడు. విప్పడానికి ఒక్క గుంజు చాలు. ఇరవై ఏళ్లలో గుంజలేదు.

కోపం పోలేదు. కోపం పక్కన ఇంకోటి వచ్చి కూర్చుంది, బస్సులో ఇరుక్కుని కూర్చునే మనిషిలాగా. జమ్మలమడుగు వచ్చేదాకా రెండూ దిగలేదు. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. పక్కన కూర్చున్నామె దుమ్ము అనుకుని కిటికీ మూసింది.

*

ఇష్రత్ గుమ్మంలోనే ఉంది. మెడలో కొలత టేపు.

"బాగైందా మా? నాయన పాడ్తాండాడా?"

"బాగైంది."

"పేరు పుస్తకంలో ఏస్తాండారని అందరికీ చెప్పినా. పక్కింటి శివమ్మత్త శానా సంబరపడింది. ఏంది అట్లుండావు? బస్సులో నిలబడినావా?"

మైమూన్ లోపలికి నడిచింది. ప్లేయరును నాపరాయి అరుగు మీద, ఎప్పుడూ ఉండే చోట పెట్టింది. వైరు ప్లగ్గులో పెట్టింది. వక్కాకు సంచి పక్కన పెట్టింది. సంచిలో రాగితీగ ఉంది.

చెప్పాలి. ఈ రోజు కాకపోతే ఇంకో గురువారం. మూడు నెలలు, నాలుగు నెలలు. ఆ తర్వాత పాటే వచ్చి చెబుతుంది, ఇష్రత్ ఫోన్లో, పరిగెత్తుకుంటూ వచ్చి. పుస్తకంలో పేరు వెతుక్కుంటుంది. గొంతు దగ్గర ఉండదు. వైర్ల దగ్గర ఉంటుందో లేదో తెలియదు.

చెబితే బిడ్డకు నాయన గొంతు పోతుంది. ముఖం ఒక్కటే మిగులుతుంది, అదీ ఫొటోలో.

"పెట్టు మా. విని శానా దినాలాయె."

ఇష్రత్ వచ్చి కింద కూర్చుంది. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు దగ్గరికి లాక్కుని, చిన్నప్పుడు బడి కబుర్లు చెప్పడానికి కూర్చున్నట్టే కూర్చుంది. కళ్లు మూసుకుంది. మీట ఎటు ఉందో ఆమె చూడలేదు.

మైమూన్ పీట లాక్కోలేదు. నిలబడే ఉంది. ఒక చెయ్యి మీట మీద ఉంది. మీట ఇప్పుడు ఎటంటే అటు కదులుతుంది.

రెండో చేత్తో ముల్లు దించింది.

గరగర... గరగర...

ముందు ఇసుక చప్పుడు.